కాలమ్‌కు రక్తం కారదు, పూత దిగుతుంది

సందేహం: బెంగళూరు పీణ్యలోని ఒక ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రాఫులు (సాంపిల్‌ను ఆవిరిగా మార్చి, కాలమ్ అనే సన్నని గొట్టం గుండా పంపి, అందులోని పదార్థాలను విడదీసే యంత్రాలు) చూసుకుంటాను. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం తెలుగులో సూచనల కాగితం రాస్తున్నాను. 'కాలమ్ బ్లీడ్'ను 'కాలమ్ రక్తస్రావం' అని రాస్తే నవ్వారు. 'ఫెర్రూల్ దగ్గర గ్యాస్ కారుతుంటే నట్టును పావు మలుపు బిగించాలి' అన్న వాక్యమైనా సరైనదేనా? (ఫెర్రూల్ అంటే నట్టు లోపల కాలమ్ చుట్టూ సందు లేకుండా పట్టి ఉంచే చిన్న రింగు.)

సమాధానం: నవ్వినవాళ్ల తప్పేమీ లేదు. ఇంగ్లీషులో బ్లీడ్ అనే మాటను రంగు పోయే బట్టకు కూడా వాడతారు. ఇక్కడ పనికొచ్చేది ఆ అర్థమే, గాయం కాదు. కాలమ్ లోపలి గోడకు పట్టించిన పూత చాలావరకు సిలికోన్ జాతి పాలిమర్. వేడికి దాని గొలుసులు తెగి, కొద్దికొద్దిగా క్యారియర్ గ్యాస్‌లో (సాంపిల్‌ను మోసుకెళ్లే గ్యాస్) కలిసి, కాలమ్ చివర బయటికొచ్చేవాటిని పసిగట్టే డిటెక్టర్‌కు చేరుతుంది. దీనికి మన ఇళ్లలోనే క్రియ ఉంది: దిగడం. వేణ్నీళ్లలో నానబెట్టిన చీరకు రంగు దిగుతుంది, ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతుంది, కాలమ్‌లో పూత దిగుతుంది. క్రొమటోగ్రఫీ అన్న పేరులోనూ రంగే ఉంది లెండి. ఆకుల్లోని రంగులను విడదీస్తూ 1906లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త త్స్వెత్ పెట్టిన పేరది.

'పూత ఊడటం', 'పూత రాలడం' ఎందుకు వద్దంటే, ఊడేది పెచ్చులుగా, రాలేది ముక్కలుగా. పూత దిగినప్పుడు డిటెక్టర్ గీసే గ్రాఫ్‌లో విడివిడి పీకులు (శిఖరాలు) రావు. ఓవెన్ వేడి పెరిగేకొద్దీ బేస్‌లైన్ (గ్రాఫ్ అడుగు గీత) మెల్లగా పైకి లేచి, చివరి ఉష్ణోగ్రత దగ్గర చదునుగా నిలబడుతుంది. ఏమీ ఇంజెక్ట్ చేయకుండా నడిపిన రన్‌లో పీకులు కనిపించాయా, అది వేరే జబ్బు: సెప్టమ్ (ఇంజెక్షన్ సూది గుచ్చే రబ్బరు బిళ్ల) తునకలు లైనర్‌లో (దాని కింది గాజు గొట్టం) పడి ఉండొచ్చు, పాత సాంపిల్ మిగిలి ఉండొచ్చు. 'రాలుతోంది' అని చదివిన కుర్రాడు పీకులను చూసి, సెప్టమ్ మార్చాల్సిన చోట కాలమ్ మారుస్తాడు. రెండింటి ధరల తేడా మీకు చెప్పక్కర్లేదు.

ఇక 'కారుతుంటే'. కన్నడంలో నీటికీ గ్యాస్‌కూ 'సోరికె' ఒక్కటే సరిపోతుంది. రోజూ వింటూ ఉంటే మీ వాక్యంలోకి అలా వచ్చిందేమో. తెలుగులో కుండ కారుతుంది, కుళాయి కారుతుంది, సైకిల్ ట్యూబులో గాలి మాత్రం పోతుంది. కారడానికి చుక్క కావాలి. 'కారుతోంది' అంటే కొత్తవాడు తడి కోసం తడుముతాడు, లేదా వంటగ్యాస్ సిలిండర్‌కు రాసినట్టు సబ్బునీళ్లు రాస్తాడు. ఆ సబ్బునీళ్లు సందులోంచి లోపలికి చేరితే కాలమ్ పాడవుతుంది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్‌తోనే చూడాలి.

'గ్యాస్ పోతుంటే' అనండి. 'లీకవుతుంటే' అన్నా నాకు అభ్యంతరం లేదు, అది ఎప్పుడో తెలుగు క్రియ అయిపోయింది. కాకపోతే రెండూ సగమే చెబుతాయి. లోపల ఒత్తిడి ఎక్కువున్నా, అదే సందులోంచి బయటి ఆక్సిజన్ లోపలికి చొరబడుతుంది. వేడి మీదున్న పూతను తినేసేది అదే. అందుకని 'గ్యాస్ పోయే చోటే గాలి చొరబడుతుంది' అని ఒక వాక్యం కలపండి.

'మలుపు' రోడ్డుకూ కథకూ. నట్టుకు 'చుట్టు'. గ్రాఫైట్ ఫెర్రూల్ అయితే 'నట్టును చేత్తో తిరిగినంత వరకు తిప్పి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు' అని రాయండి. 'గట్టిగా' అన్న మాట మాత్రం అసలు వాడకండి. గట్టిగా అంటే బలమున్నంతా అనుకుంటారు, మెత్తటి గ్రాఫైట్ నలిగి పొడి కాలమ్‌లోకి పోతుంది. వెస్పెల్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) కలిసిన ఫెర్రూల్ వేడెక్కి చల్లారాక కుంచించుకుని వదులవుతుంది. దానికి 'మళ్లీ బిగించాలి' అని విడిగా రాయాలి.

మీరు అడగలేదు గానీ, 'పోతుంటే' అని ఒకచోట రాశాక ఇంకో చోట జాగ్రత్తపడాలి. కొత్త కాలమ్‌ను వేడిచేసే ముందు డిటెక్టర్ వైపు కొస బిగించకుండా, చల్లగా ఉండగానే 15 నుంచి 30 నిమిషాలు క్యారియర్ గ్యాస్ నడిపిస్తారు కదా. అక్కడ 'గ్యాస్ పోనివ్వాలి' అంటే లీకును వదిలేయమన్నట్టు ఉంటుంది. 'కాలమ్ గుండా గ్యాస్ పంపాలి' అనండి.