మార్కెజ్‌ని ఏ వరుసలో చదవాలి, సీమ చరిత్రను ఆ దారిలో రాయాలంటే ఏం చూసుకోవాలి

మీరు అడిగినవి మూడు. కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ రాసిన 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' రెండుసార్లు మొదలుపెట్టి పేర్ల తికమకలో వదిలేశారు, మార్కెజ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత? కడప, కర్నూలు వైపు కథతో అలాంటి నవల రాయాలంటే ఎలా? నేను అనంతపురం నుంచి రాస్తున్నాను కాబట్టి ఉదాహరణలు ఈ చుట్టుపక్కలవే ఇస్తాను.

చదవడం సంగతి ముందు. 'సాలిట్యూడ్'ని మూడో పుస్తకంగా పెట్టుకోండి. మొదట 'క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్' (1981) చదవండి. చిన్న నవల, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. ఒకడిని చంపబోతున్నారని ఊరందరికీ తెలుసు, అయినా హత్య ఆగదు. 1951లో కొలంబియాలోని సూక్రే అనే ఊళ్ళో నిజంగా జరిగిన హత్య దానికి మూలం. పరువు, పగ, ఊరి మౌనం ఎలా ఉంటాయో సీమ పాఠకుడికి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, అందుకే మనకు ఇది సులువుగా పట్టుబడుతుంది. తర్వాత 'నో వన్ రైట్స్ టు ది కర్నల్' (1961). పింఛను ఉత్తరం కోసం శుక్రవారం శుక్రవారం పోస్టు పడవ దగ్గరికి వెళ్ళే ముసలి సైనికుడి కథ. ఇందులో మాయ అన్నది లేదు, వాక్యాలు పొడిగా ఉంటాయి. మార్కెజ్ ముందు విలేకరి అన్న సంగతి ఇక్కడే అర్థమవుతుంది. 1955లో సముద్రంలో పడిపోయి పది రోజులు తెప్ప మీద బతికిన నావికుడి కథను ఆయన పత్రికలో 14 భాగాలుగా రాశాడు. ఆ చెయ్యే తర్వాత 'సాలిట్యూడ్'లోని మకోందో అనే ఊరిని కట్టింది.

'సాలిట్యూడ్' (1967)లో 20 అధ్యాయాలున్నాయి, వాటికి అంకెలు గానీ పేర్లు గానీ లేవు. చదవబోయే ముందే పెన్సిలుతో 1 నుంచి 20 దాకా వేసుకోండి. లేకపోతే ఆపిన చోటు, వెనక్కి చూసుకోవాల్సిన చోటు దొరకవు. పేర్లకు ఒక తాళం చెవి ఉంది, ఇచ్చింది కథలోని బుయెందియా కుటుంబపు నాయనమ్మ ఉర్సులానే: ఆ ఇంట్లో అరేలియానో అన్న పేరు పెట్టినవాళ్ళు ముభావులు, చురుకైన బుర్రవాళ్ళు, హోసే ఆర్కాదియోలు దుడుకు మనుషులు, దురదృష్టం వెంటాడేవాళ్ళు. ఒక్క కవలల దగ్గరే ఇది తారుమారవుతుంది. చిన్నప్పుడు ఒకరి పేరుతో ఒకరు పిలిపించుకుని ఆడుతూ మారిపోయి ఉంటారని ఉర్సులా అనుమానం. ఎక్కువమంది పుస్తకం మూసేసేది ఆ కవలల దగ్గరే. ప్రతి మనిషి పేరు పక్కన తల్లి పేరు కూడా రాసుకుంటే తికమక సగం తగ్గుతుంది.

ఇక చరిత్ర. 1899 నుంచి 1902 దాకా కొలంబియాలో వెయ్యి రోజుల యుద్ధం జరిగింది. మార్కెజ్ తాత అందులో లిబరల్ పక్షాన పోరాడిన కర్నల్. నవలలో కర్నల్ అరేలియానో సంతకం పెట్టే నీర్లాందియా ఒప్పందం నిజంగా 1902లో జరిగిందే. 15వ అధ్యాయంలో అరటితోటల కూలీల మీద కాల్పులూ జరిగినవే: 1928 డిసెంబరు, సియెనగ రైల్వేస్టేషన్ దగ్గర, యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ తోటల సమ్మె. కాల్చమన్న జనరల్ కార్లోస్ కోర్తేస్ వార్గాస్ పేరును నవలలో మార్చను కూడా లేదు. అతను ఒప్పుకున్న లెక్క 47 మంది. నవలలో మూడువేలమంది. పొడవాటి రైలు నిండా శవాలు కావలసి వచ్చి అంత సంఖ్య వేశానని మార్కెజ్ తర్వాత చెప్పాడు. చరిత్రకారులు మాత్రం ఆ సంఖ్య మీద ఇంకా తేల్చుకోలేదు. అంటే ఊరు, సంవత్సరం, ఉత్తర్వు ఇచ్చినవాడు నిజం. చచ్చినవాళ్ళ సంఖ్య కల్పన. మరుసటి రోజు ఊళ్ళో ఎవరిని అడిగినా 'ఎవరూ చావలేదు' అనడం ఉందే, అది ఆ రెంటికంటే భయంకరమైన నిజం.

మాయ పనిచేసే తీరు ఇక్కడే చూడాలి. మకోందో జనం మంచుగడ్డను చూసి నోరెళ్ళబెడతారు, అయస్కాంతాన్ని చూసి, కట్టుడు పళ్ళను చూసి బెదిరిపోతారు. పిల్ల ఆకాశంలోకి ఎగిరిపోతే మాత్రం అంత ఆశ్చర్యపోరు. 12వ అధ్యాయంలో అందగత్తె రెమేదియోస్ ఆరేసే దుప్పట్లతో సహా పైకి వెళ్ళిపోతుంది. వదిన ఫెర్నాందా చాలారోజులు దేవుణ్ణి వేడుకున్నది దేనికి? నా దుప్పట్లు తిరిగి పంపమని. ఆ దుప్పట్లు లేకపోతే ఆ దృశ్యం నిలబడదు. అలాగే కొలతలు. ఫాదర్ నికనోర్ వేడి చాక్లెట్ తాగి నేలమీంచి లేస్తే అది 12 సెంటీమీటర్లు. వాన కురిస్తే నాలుగేళ్ళ పదకొండు నెలల రెండు రోజులు. ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, 425 ఏనుగులు ఎగురుతున్నాయంటే నమ్ముతారేమో అని ఆయనే ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. ఈ గొంతు తనకు అమ్మమ్మ నుంచి వచ్చిందనీ, ఎంత వింతనైనా ఆమె ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పేదనీ కూడా చెప్పాడు. మీ జేజి దయ్యం కథ చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ పెంచదో ఈసారి గమనించండి.

తర్వాత 'ది జనరల్ ఇన్ హిజ్ లాబిరింత్' (1989) తప్పకుండా చదవండి. చారిత్రక నవల రాయాలనుకునేవాళ్ళకు 'సాలిట్యూడ్' కంటే ఇదే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. 1830 మే నెలలో బొగోతా వదిలి, మగ్దలేనా నది మీద ప్రయాణం చేసి, డిసెంబరు 17న చనిపోయిన దక్షిణ అమెరికా విముక్తి నాయకుడు సిమోన్ బొలీవార్ చివరి నెలలు. ఎగిరే మనుషులు ఒక్కరూ లేరు. బొలీవార్ జీవితంలో కాగితాలు అతి తక్కువ దొరికే కాలం అదేనని దాన్ని ఎంచుకున్నాడు. నవల అల్లుకోవడానికి చోటు అక్కడే ఉంటుంది. పుస్తకం చివరి కృతజ్ఞతలు ముందు చదవండి. బొలీవార్ మామిడిపండ్లు ఇష్టంగా తిన్నట్టు రాస్తే, మామిడి అమెరికాకు రావడానికి ఇంకా కొన్నేళ్ళు ఉందని ఒక చరిత్రకారుడు పట్టుకున్నాడట. 19వ శతాబ్దం మొదటి 30 ఏళ్ళలో పున్నమి రాత్రుల పట్టిక క్యూబా శాస్త్రవేత్తలు తయారుచేసి ఇచ్చారట.

ఆ మామిడిపండు తప్పు మన దగ్గర వేరుశనగ రూపంలో వస్తుంది. థామస్ మన్రో దొర ఇక్కడ కలెక్టరుగా ఉన్న 1800-1807 నాటి అనంతపురాన్ని రాస్తూ కనుచూపుమేర బుడ్డల చేను పెట్టకండి. ఆ పంట ఇక్కడి నేలను కమ్ముకున్నది చాలా తర్వాత. జొన్న, కొర్ర, సజ్జ, ఆముదం రాయండి. 1509-1529 మధ్య కృష్ణదేవరాయల కాలం అయితే సంగటిలోకి ఎర్రకారం పెట్టే ముందు ఆగండి, మిరప పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. 1876 కరువు కథలో 'అనంతపురం జిల్లా' అనకూడదు, అది 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. మద్రాసు రాజధానిలో 1818 దాకా లెక్క వరహాల్లో, రూకల్లో ఉండేది; రూపాయల్లో కాదు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కైఫీయత్తుల్లో (ఊళ్ళ చరిత్రలు రాసిపెట్టిన పాత కాగితాలు), ఇతర పాత కాగితాల్లో తెలుగు సంవత్సరం ఉంటుంది, ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. జూలై నుంచి డిసెంబరు దాకా ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసేస్తే ఫసలీ. జనవరి నుంచి జూన్ దాకా 591 తీసేయాలి. ధాత కరువు నడిచిన 1876 జూలై - 1877 జూన్ మధ్య కాలం 1286 ఫసలీ. 'ధాత' అన్న పేరు ఒక్కటే పట్టుకుంటే 1816, 1876, 1936 మూడూ వస్తాయి, పక్కన శకం చూడకపోతే 60 ఏళ్ళు జారిపోతారు. (బుయెందియా ఇంట్లో పేర్లు తిరిగి తిరిగి వచ్చినట్టు మన సంవత్సరాలు తిరిగివస్తాయి. మీ నవలకు ఇది అచ్చంగా మన సొంత పనిముట్టు, వాడుకోండి.) 1799 దాకా తిథులకు స్వామికన్ను పిళ్ళై ఎఫిమెరిస్ (పాత తిథుల పట్టికల పుస్తకం), ఆ తర్వాత పున్నమి, అమావాస్యలకు నాసా పట్టికలు సరిపోతాయి.

వింతలు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే గండిలో, కొండకూ కొండకూ మధ్య బంగారు తోరణం వేలాడడం మన్రో చూశాడని, అది కనబడినవాడు ఎక్కువ రోజులు బతకడని చెప్పుకుంటారు. 1827 జూలై 6న మద్రాసు గవర్నరుగా ఉండగానే పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. దీన్ని కొత్తగా రాసేవాళ్ళు రెండు చోట్ల చెడగొడతారు. ఒకటి, తోరణం వెలుగుల మీద పేజీన్నర వర్ణన. రెండు, 'బహుశా ఎండ వేడికి భ్రమ కావచ్చు' అన్న సంజాయిషీ. దానికి బదులు తోరణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, గుడారం గుంజలు ఎన్ని, గుర్రానికి గుగ్గిళ్ళు ఎన్ని శేర్లు, దుబాసీ (దొరకు మాటలు అనువదించేవాడు) ఎందుకు ఒక్కసారిగా మాట మానేశాడు, వీటిమీద ఉండండి. దొర ఒక్కడికే కనబడిందని దుబాసీకి అర్థమైంది, చెప్పే ధైర్యం లేదు. కథ ఆ మనిషి దగ్గర ఉంది.

మూలాల కోసం కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్ళండి. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా కైఫీయత్తులను వాళ్ళు సంపుటాలుగా వేశారు. దాంతోపాటు గ్రిబుల్ కడప మాన్యువల్ (1875), ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీర్ (1905) చదవాలి. కైఫీయత్తు ఊరివాళ్ళు చెప్పింది, గెజిటీర్ దొర రాసింది. ఒకే సంఘటనకు రెండూ దొరికితే రెండు వేర్వేరు కాగితాల మీద రాసుకోండి, కలిపి ఒకటి చేయకండి. అవి ఒప్పుకోని చోటే నవలకు గది దొరుకుతుంది. మొదట ఒక ఊరు, ఒక ఫసలీ తీసుకుని 20 పేజీలు రాయండి. అందులో వింత ఒక్కటే ఉండనివ్వండి, ఆ వింత వల్ల ఎవరికి ఏం నష్టమైందో కూడా ఆ పేజీల్లోనే తేలాలి. 'ఆటమ్ ఆఫ్ ది పేట్రియార్క్' (1975) మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. అందులో ఆఖరి అధ్యాయం మొత్తం ఒకే వాక్యం, రాయడం మొదలుపెట్టినవాళ్ళ చెయ్యి దానివైపు లాగేసుకుంటుంది.