చుక్కలు వేసినన్నాళ్లే ఆగి, చెవి మళ్లీ ఎందుకు కారుతోంది?

బాబుకి 9 ఏళ్లు, రెండేళ్లుగా ఎడమ చెవి కారుతోంది, చుక్కలు వేస్తే ఆగి జలుబు చేయగానే మళ్లీ మొదలవుతోంది అని రాశారు. నొప్పి లేదు కదా, అత్తగారు చెప్పినట్టు వెల్లుల్లి కాచిన నూనె పోయొచ్చా అని అడిగారు. పోయకండి.

రెండు వారాలు దాటి చీము కారుతోందంటే చాలావరకు కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది. నొప్పి లేనిదీ అందుకే. చీము లోపల బిగుసుకోకుండా ఆ దారిన బయటికి వచ్చేస్తుంది. చుక్కల మందు చీమును ఆర్పుతుంది గానీ చిల్లును పూడ్చదు. స్నానం నీళ్లు బయటి నుంచి, జలుబు ముక్కు వెనక గొట్టం గుండా లోపలి నుంచి చేరి మళ్లీ కథ మొదలు. నూనె పోసినా, పసరు పిండినా అదే చిల్లులోంచి మధ్య చెవిలోకి దిగుతుంది.

మందు పనిచేయడం లేదనే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది తుడవకుండా చుక్కలు వేయడం. చీము నిండిన చెవిలో మందు దిగదు, చెంప మీదికి కారిపోతుంది. ముందు ఒత్తి పెట్టాలి. ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలు గుడ్డనో, గట్టి టిష్యూనో దీపపు ఒత్తిలా మొన తేలేట్టు పురిపెట్టి చెవిలో ఉంచండి. తడవగానే తీసి కొత్తది పెట్టండి, పొడిగా వచ్చేదాకా. మొదటి రోజుల్లో నాలుగైదు పట్టొచ్చు. ఇయర్ బడ్ మాత్రం చీమును లోపలికి నెడుతుంది.

సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. చల్లగా వేస్తే పిల్లాడికి కళ్లు తిరుగుతాయి. పక్కకి పడుకోబెట్టి, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, రాసిచ్చినన్ని చుక్కలు వేయండి. రంధ్రం ముందుండే బుడిపెను నాలుగైదుసార్లు నొక్కి వదిలి, 5 నిమిషాలు అలాగే ఉంచండి. గొంతులో చేదు తగిలిందంటాడా, మంచిదే, మందు చిల్లు దాటిందన్నమాట. సిప్రోఫ్లోక్సాసిన్ రకం చుక్కలను మామూలుగా రెండు వారాలు వాడమంటారు. నాలుగో రోజుకే ఆరిందని మానేస్తే తిరగబెడుతుంది. అలాగని నెలల తరబడి సొంతంగా వేస్తే చెవిలో బూజు పడుతుంది: విపరీతమైన దురద, తడిసిన కాగితం లాంటి తుక్కు, దాని మీద నల్ల చుక్కలు. దానికి మందు వేరు.

ఇంట్లో మిగిలిన పాత సీసా మీద జెంటామైసిన్, నియోమైసిన్ అని ఉంటే పక్కన పడేయండి. చిల్లున్న చెవిలో అవి వినికిడినే దెబ్బతీయొచ్చు.

చీము వాసన ఎలా ఉందో మీరు రాయలేదు. జిగురుగా, ఎక్కువగా, వాసన లేకుండా కారితే కాస్త నయం. కొద్దికొద్దిగానే వస్తూ కుళ్లు కంపు కొడితే, రక్తపు చార కనిపిస్తే కొలెస్టియటోమా అయి ఉండొచ్చు. కర్ణభేరి చర్మం లోపలికి పోయి, ఉల్లిపొరల్లా పేరుకుని ఎముకను తినేస్తుంది. దానికి ఆపరేషనే దారి. మూతి వంకరపోవడం, తూలడం, చెవి వెనక వాపు, జ్వరంతో తలనొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఏ రకమో తేలాలంటే ఈఎన్‌టీ డాక్టరు మైక్రోస్కోప్ కింద శుభ్రం చేసి చూడాలి. హైదరాబాద్ దగ్గరైతే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తప్పక అడగండి, ఒక చెవి సరిగా వినపడకపోయినా పిల్లలు చెప్పరు. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెడతాడా? అయితే అడినాయిడ్ల (ముక్కు వెనక ఉండే కండ) సంగతీ చూపించండి. చెవి పొడిగా ఉన్నప్పుడు, చెవి పైన కండరం మీది పలచటి పొర తీసి చిల్లుకు అతుకు వేస్తారు. ఎప్పుడు చేయాలనేది డాక్టరు చెప్తారు.

అప్పటిదాకా తలంటేటప్పుడు వ్యాసలీన్ బాగా పట్టించిన దూది చెవిలో పెట్టి, స్నానం అవగానే తీసేయండి. రోజంతా వదిలేస్తే ఆ చెమ్మే చెవిని మళ్లీ నానబెడుతుంది. చెరువు, బావి ఈతలు ఈ వేసవికి వద్దు.