కడిగిన గుడ్డు శుభ్రమైన గుడ్డేనా?

పశువైద్య సలహాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పెరట్లో నలభై నాటుకోళ్లు ఉన్నాయి. పెంట అంటిన గుడ్లను సంతలో ఎవరూ కొనరని, రోజూ సాయంత్రం బోరు నీళ్ల బకెట్‌లో నానబెట్టి కడిగి అమ్ముతున్నాను. ఈ మధ్య మా గుడ్లు కొన్న ఒక ఇంటివారికి విరేచనాలు పట్టుకున్నాయి. గుడ్లలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉందని వారు అంటున్నారు. ఇది టైఫాయిడేనా? నెలకోసారి నీళ్లలో యాంటీబయాటిక్ కలిపితే పోతుందా?
- ఒక పాఠకురాలు, గజపతినగరం, విజయనగరం జిల్లా

జవాబు: టైఫాయిడ్ గురించి మీరు భయపడనక్కరలేదు. ఆ జబ్బు తెచ్చే సాల్మొనెల్లా టైఫై మనుషుల్లోనే బతికే క్రిమి, అది కోళ్ల నుంచి రాదు. కోళ్ల నుంచి మనకు సోకేవి ముఖ్యంగా ఎంటరిటిడిస్, టైఫిమ్యూరియం అనే రకాలు. ఇవి కడుపులోకి చేరిన 6 గంటల నుంచి 3 రోజుల లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. చాలామందికి వారం లోపు తగ్గిపోతాయి గాని పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఇంటివారి జబ్బుకు మీ గుడ్లే కారణమని పరీక్ష లేకుండా ఎవరూ తేల్చలేరు. అయినా మీరు గుడ్లు కడిగే పద్ధతి మాత్రం ఈ రోజే మానుకోవాలి.

గుడ్డు పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. కోడి గుడ్డు పెట్టినప్పుడు దానిపై తడిగా ఉండే సన్నని పొర కొద్ది నిమిషాల్లో ఆరి ఆ రంధ్రాలను మూసేస్తుంది. నానబెట్టి రుద్దితే ఆ పొర ఊడిపోతుంది. పైగా వెచ్చని గుడ్డును చల్లని నీటిలో వేస్తే లోపలి పదార్థం కుంచించుకుపోయి, బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ బకెట్‌లో ఒక్క గుడ్డుకు పెంట ఉన్నా మిగిలిన గుడ్లన్నీ ఆ నీటినే పీలుస్తాయి. రైతుల శిక్షణలో నేను ఎండకు వేడెక్కిన గుడ్డును చల్లని ఎర్రరంగు నీటిలో పావుగంట ఉంచి, తుడిచి, పగలగొట్టి, పెంకు లోపలివైపును అందరికీ చూపిస్తుంటాను. ఆ తెల్లని పొర మీద అక్కడక్కడ ఆవగింజంత ఎర్రచుక్కలు కనబడతాయి. అవి చూశాక ఎంత చెప్పినా వినని వారు కూడా గుడ్లు నానబెట్టడం మానేశారు.

గుడ్డు శుభ్రంగా ఉండవలసింది గూట్లోనే. కోళ్లు రాత్రి పడుకునే చోటే గుడ్లు కూడా పెడితే పెంట అంటక మానదు. కాబట్టి ఐదారు పెట్టలకు ఒకటి చొప్పున వేరే గూళ్లు పెట్టి, రెండు మూడు అంగుళాల మందాన పొడి ఊక పరచి, తడిసిన ఊకను వెంటనే మార్చండి. పూటకోసారైనా గుడ్లు ఏరండి. కాస్త దుమ్ము ఉంటే పొడిబట్టతో తుడిస్తే చాలు. బాగా పెంట అంటినదాన్ని, పెంకు చిట్లినదాన్ని సంతకు పంపవద్దు. నూకలు, తవుడు మూత బిగుతుగా ఉన్న డ్రమ్ములో దాచండి, ఎందుకంటే ఎలుకల పెంటికల్లో ఈ క్రిమి పుష్కలంగా ఉంటుంది, ఒక మందలో తగ్గినదాన్ని మళ్లీ తెచ్చిపెట్టేవి చాలాసార్లు ఎలుకలే.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఎంటరిటిడిస్ పెట్ట అండాశయంలో చేరితే, పెంకు ఏర్పడకముందే గుడ్డులోకి ప్రవేశిస్తుంది. పైకి తళతళలాడే గుడ్డులో కూడా అది ఉండవచ్చు, పెట్ట మాత్రం ఆరోగ్యంగానే తిరుగుతుంది. అందుకే తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించాలని మీ దగ్గర కొనేవారికి చెప్పండి. కసరత్తు చేసే కుర్రాళ్లు పాలలో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది, అది మంచిది కాదు. బ్రిటన్‌లో 1988లో గుడ్లలోని సాల్మొనెల్లాపై పెద్ద దుమారం రేగిన తరువాత, గుడ్లు పెట్టే కోళ్లకు టీకాలు వేయించి, ఫారాలను కట్టుదిట్టంగా తనిఖీ చేసి, 2017లో గాని అలాంటి ఫారాల నుంచి సింహం ముద్రతో వచ్చే గుడ్లను సగం ఉడికించి తినవచ్చని గర్భిణులకు చెప్పలేకపోయారు. మన సంత గుడ్లకు అటువంటి హామీ లేదు.

యాంటీబయాటిక్ ఆలోచన దయచేసి మానండి. మందు వాడినా కోడి క్రిమిని లోపల దాచుకునే ఉంటుంది, మందు శేషం గుడ్డులోకి చేరుతుంది, క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుంది. మనుషులకు చివరి ఆసరాగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులు, కోళ్లలో వాడకుండా మన దేశం 2019లో నిషేధించింది ఇందుకే.

ప్రశ్న: కోడిమాంసాన్ని పసుపు నీళ్లతో కడిగితే క్రిములు చస్తాయా?
- ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చావవు. కుళాయి కింద కడిగితే తుంపరలు పక్కన తరిగి పెట్టిన ఉల్లిపాయలు, కొత్తిమీర మీద కూడా పడతాయి. కడగనిదే మనసొప్పకపోతే లోతైన గిన్నెలో మెల్లగా ముంచి తీసి, ఆ నీటిని వెంటనే పారబోసి, గిన్నెను, కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుక్కోండి. క్రిమిని చంపేది పొయ్యి వేడి. ముక్క లోపలిదాకా 74 డిగ్రీలకు చేరాలి, అంటే కూర కుతకుత ఉడికి, ఎముక పక్కన మాంసం ఎర్రగా ఉండకూడదు.

ప్రశ్న: పొదిగించిన పిల్లలు వారం లోపే తెల్లగా పారుకుంటూ, వెనుకభాగం అంటుకుపోయి చనిపోతున్నాయి. కొక్కెర తెగులుకు టీకా వేయించాను.
- ఒక రైతు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పుల్లోరం అనే తెల్ల పారుడు రోగాన్ని గుర్తుచేస్తున్నాయి. ఇదీ సాల్మొనెల్లా జాతిదే, మనుషులకు సోకడం మాత్రం చాలా అరుదు. కొక్కెర తెగులు టీకా దీన్ని ఆపదు. తల్లిపెట్ట గుడ్డు ద్వారానే పిల్లకు వస్తుంది కాబట్టి, పిల్లలకు ఎన్ని మందులు పోసినా తరువాతి పొదుగులో మళ్లీ అదే జరుగుతుంది. అప్పుడే చనిపోయిన రెండు మూడు పిల్లలను సంచిలో కట్టి, ఐస్ ఉన్న డబ్బాలో పెట్టి, మీకు దగ్గరలోనే ఉన్న గరివిడి పశువైద్య కళాశాలకు గాని మీ మండల పశువైద్యశాలకు గాని తీసుకువెళ్లండి. రోగం నిర్ధారణ అయితే పెట్టలన్నిటికీ, పుంజులకు కూడా, రక్తపు చుక్కతో చేసే పరీక్ష చేయించి, రోగం ఉన్నవాటిని మంద నుంచి తీసేయండి. అంతవరకు ఒక్క గుడ్డు కూడా పొదగేయవద్దు, ఇరుగుపొరుగుకు పొదిగేందుకు ఇవ్వవద్దు.