ఐసీ-38 గట్టెక్కేదెలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బీమా ఏజెంట్ కావడానికి రాసే ఐసీ-38 పరీక్ష మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

డిగ్రీ చదివాను. ఐసీ-38 ఒకసారి రాసి తప్పాను. వాట్సాప్‌లో వచ్చిన బిట్లన్నీ బట్టీ కొట్టి వెళ్లినా 50కి 15 మార్కులే వచ్చాయి. మళ్లీ ఎలా చదవాలి?
— ఒక పాఠకుడు, పుత్తూరు

ముందు పరీక్ష స్వరూపం చూడండి. ప్రశ్నలు 50, సమయం గంట, ప్రశ్నకు ఒక మార్కు. తప్పు రాస్తే మార్కు కోయరు. పాస్ కావడానికి 35 శాతం చాలు, అంటే 18 మార్కులు. మీరు మూడు మార్కుల దూరంలో ఆగిపోయారు. తెలివితేటల లోటు కాదిది, చదివిన సరుకులోనే తేడా ఉంది.

వాట్సాప్ బిట్లతో పెద్ద చిక్కు, వాటిలో చాలా అంకెలు కాలం చెల్లినవి. బీమా చట్టంలోని సెక్షన్ 45 ప్రకారం పాలసీని కంపెనీ ప్రశ్నించగల గడువు ఒకప్పుడు రెండేళ్లు. 2015 సవరణతో అది మూడేళ్లయింది. మూడేళ్లు దాటాక ఏ కారణం చూపీ పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. పాలసీ నచ్చకపోతే తిప్పి ఇచ్చేసే ఫ్రీ లుక్ గడువు పాత బిట్లలో 15 రోజులని ఉంటుంది, 2024 నుంచి 30 రోజులు. ఆరోగ్య బీమాలో ముందునుంచే ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. మారటోరియం, అంటే ఆరోగ్య పాలసీ ఇన్నేళ్లు నడిచాక మోసం ఉంటే తప్ప కంపెనీ ప్రశ్నించలేని గడువు, ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకు వచ్చింది. బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అంబుడ్స్‌మన్ ఇప్పించగల పరిహారం 30 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. శిక్షణలో ఇచ్చిన ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకం తాజా ముద్రణేనా అని మొదట చూసుకోండి. పుస్తకంలో ఒక అంకె, ఇవాళ అమల్లో ఇంకో అంకె కనిపిస్తే ట్రైనర్‌ని అడిగి రెండూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. రేపు పాలసీ అమ్మేటప్పుడు మీకు కావాల్సింది అమల్లో ఉన్నదే.

రెండో చిక్కు, ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే బట్టీ పట్టిన జవాబు పనిచేయదు. బీమా చేయించుకునే హక్కు కలిగించే సంబంధాన్ని ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు. అది ఎప్పుడు ఉండాలి అనేది పరీక్షకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. జీవిత బీమాలో పాలసీ తీసుకునే రోజున ఉంటే చాలు. అగ్ని బీమాలో తీసుకునే రోజునా ఉండాలి, నష్టం జరిగిన రోజునా ఉండాలి. మెరైన్, అంటే ఓడ సరుకు బీమాలో నష్టం జరిగిన రోజున ఉండాలి. ఈ మూడూ ఎందుకలా ఉన్నాయో ఆలోచించారంటే ఇక మరిచిపోరు. సరుకు ఓడలో ఉండగానే చేతులు మారుతుంది కాబట్టి మెరైన్‌లో కొన్నవాడికి రక్షణ కావాలి. జీవిత బీమా ఏళ్ల తరబడి సాగే ఒప్పందం కాబట్టి మొదటి రోజు సంబంధమే చూస్తారు.

నామినేషన్, అసైన్‌మెంట్ కూడా అలాగే కలగాపులగం అవుతాయి. నామినేషన్ సెక్షన్ 39, అసైన్‌మెంట్ సెక్షన్ 38. పాలసీని పూర్తిగా ఇంకొకరికి రాసిచ్చేస్తే పాత నామినేషన్ దానంతటదే రద్దవుతుంది. అదే అప్పు కోసం బ్యాంకుకో, బీమా కంపెనీకో రాసిస్తే రద్దు కాదు. అప్పు ఎంతుందో అంతమేరకే నామినీ హక్కు తగ్గుతుంది. 2015కి ముందు బిట్లు చదివినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

అసలు కారణం, అంటే ప్రాక్సిమేట్ కాజ్, మీద వచ్చే ప్రశ్నల్ని గొలుసు తెగిందా లేదా అని చూసి తేల్చుకోండి. ఘాట్ రోడ్డులో బైకు పడి కాలు విరిగి, ఆ గాయం చీము పట్టి మనిషి పోతే అసలు కారణం ప్రమాదమే. అదే ఆసుపత్రిలో ఉండగా ప్రమాదంతో సంబంధం లేకుండా గుండెపోటు వచ్చి పోతే కారణం జబ్బు.

రోజుకి రెండు గంటల చొప్పున రెండు వారాలు పుస్తకం చదవండి. బిట్లు చివరి మూడు రోజులకు ఉంచుకోండి, అవీ మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికే. తప్పిన ప్రతి బిట్టుకీ పుస్తకంలో పేజీ వెతికి, అది ఎందుకు తప్పో పెన్సిల్‌తో అంచున రాయండి. నెమ్మదిగా అనిపించినా మార్కులు పెరిగేది ఇక్కడే.

పదో తరగతి తర్వాత లెక్కల జోలికి పోలేదు. పరీక్షలో లెక్కలు వస్తాయంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, పలమనేరు

అమ్మా, కూడిక, తీసివేత, శాతం వస్తే చాలు. పదే పదే అడిగేవి నాలుగు రకాలు.

మనిషి ఆర్థిక విలువను హ్యూమన్ లైఫ్ వాల్యూ అంటారు. ఒకాయన ఏడాదికి 4,20,000 సంపాదిస్తాడు, సొంతానికి 1,20,000 వాడుకుంటాడు. కుటుంబానికి చేరేది 3,00,000. వడ్డీ 6 శాతం అనుకుంటే ఎంత సొమ్ము బ్యాంకులో వేస్తే ఏటా మూడు లక్షలు వస్తాయి? 3,00,000ని 0.06తో భాగించండి, 50 లక్షలు. ఎక్కువమంది చేసే తప్పు, సొంత ఖర్చు తీసేయకుండానే భాగించడం.

ప్రీమియం మధ్యలో ఆపేసినా పాలసీకి మిగిలే మొత్తాన్ని పెయిడప్ విలువ అంటారు. ఇది ఇంకా తేలిక. అయిదు లక్షల పాలసీ, 20 ఏళ్లు కట్టాలి, 8 ఏళ్లు కట్టి ఆపేశారు. 20లో 8 వంతులు, అంటే రెండు లక్షలు. అప్పటిదాకా జమైన బోనస్ దానికి కలుస్తుంది. ఇది సరెండర్ విలువ కాదు. పాలసీని రద్దు చేసుకుని సరెండర్ చేస్తే ఇప్పుడే చేతికొచ్చేది ఇంతకంటే తక్కువ ఉంటుంది.

మూడోది తక్కువ బీమా. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు గోదాంలో సరుకు 40 లక్షలుంటే యజమాని 30 లక్షలకే అగ్ని బీమా చేశాడు. ఎనిమిది లక్షల సరుకు కాలిపోయింది. 40లో 30 వంతు, అంటే ముప్పావు వంతు, కాబట్టి వచ్చేది ఆరు లక్షలే. మిగతా పావు వంతుకు ఆయనే బాధ్యుడు.

నాలుగోది ఆసుపత్రి గది అద్దె. ఇది కాస్త నిదానంగా చూడండి, ఎందుకంటే రేపు క్లయింట్లు మిమ్మల్ని నిలదీసేది దీనిమీదే. బీమా మొత్తం మూడు లక్షలు, గది అద్దె పరిమితి రోజుకి ఒక శాతం, అంటే 3,000. రోగి 5,000 గదిలో నాలుగు రోజులు ఉన్నాడు. గది బిల్లు 20,000లో 12,000 వస్తుంది. అంతటితో ఆగదు. డాక్టరు, ఆపరేషన్ థియేటర్ వంటి ఖర్చులు 80,000 అయితే అవీ అదే నిష్పత్తిలో, అంటే 60 శాతానికి కోసి 48,000 ఇస్తారు. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల ఖర్చుకు ఈ కోత వర్తించదు. అవి 30,000 అయితే మొత్తం ఇస్తారు. బిల్లు 1,30,000కి వచ్చింది 90,000. పాలసీలో 10 శాతం కో-పే, అంటే క్లెయిమ్‌లో పాలసీదారే భరించాల్సిన వాటా, కూడా ఉంటే 81,000. గదికి రోజుకి రెండు వేలు ఎక్కువ పెట్టినందుకు 40 వేలు, కో-పే వల్ల ఇంకో 9 వేలు జేబులోంచి పోయాయి. ఈ లెక్క కాగితం మీద మూడుసార్లు అంకెలు మార్చి చేయండి.

డ్వాక్రా సంఘంలో ఉన్నాను. బీమా సఖిలో చేరితే పరీక్ష లేకుండానే నెలకు ఏడు వేలు జీతం ఇస్తారని మా ఊళ్లో చెబుతున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కుప్పం

సగమే నిజం. మహిళా ఏజెంట్ల కోసం ఎల్‌ఐసీ పెట్టిన బీమా సఖి పథకం 2024 డిసెంబర్ 9న మొదలైంది. 18 నుంచి 70 ఏళ్ల మహిళలు, పదో తరగతి పాసైనవాళ్లు చేరవచ్చు. ఎల్‌ఐసీ ఏజెంట్లు, ఉద్యోగుల దగ్గరి బంధువులకు అవకాశం లేదు. డబ్బు మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. అది జీతం కాదు, స్టైపెండ్. మొదటి ఏడాది 24 పాలసీలు చేయాలి. రెండో ఏడాది డబ్బు రావాలంటే వాటిలో కనీసం 65 శాతం ఆ ఏడాది ప్రతి నెలాఖరుకూ నిలబడి ఉండాలి. పరీక్ష తప్పదు, అదే ఐసీ-38.

65 శాతం షరతు గట్టిగా గుర్తుపెట్టుకోండి. మొహమాటానికి సంఘం సభ్యులందరి చేతా పాలసీలు కట్టిస్తే రెండో ప్రీమియానికి సగం మంది ఆపేస్తారు. "మొదటి ప్రీమియంలో కొంత నువ్వే కట్టు" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కమిషన్‌లో వాటా ఇవ్వడాన్ని సెక్షన్ 41 నిషేధించింది, జరిమానా పది లక్షల దాకా ఉంది. ఇది పరీక్షలోనూ వస్తుంది.

పరీక్ష పాసై ఎనిమిది నెలలైంది, ఇంకా ఏ కంపెనీలోనూ చేరలేదు. సర్టిఫికెట్ చెల్లుతుందా? రెండు లైఫ్ కంపెనీలకు కలిపి పనిచేయొచ్చా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

మొదటిసారి ఏజెంటుగా చేరడానికి సర్టిఫికెట్ 12 నెలలు చెల్లుతుంది. మీకు నాలుగు నెలలే ఉన్నాయి, ఆలస్యం చేయకండి. రెండు లైఫ్ కంపెనీలు కుదరదు. ఒక లైఫ్, ఒక జనరల్, ఒక హెల్త్ కంపెనీకి మాత్రం పనిచేయవచ్చు. చాలా కంపెనీల పాలసీలు అమ్మాలనుంటే ఏదైనా బ్రోకర్ దగ్గర పీఓఎస్ (పాయింట్ ఆఫ్ సేల్స్) పర్సన్‌గా చేరండి. దానికి 15 గంటల శిక్షణ, వాళ్లే పెట్టే పరీక్ష ఉంటాయి. అక్కడ అమ్మగలిగేవి ముందే ఆమోదించిన సాదా పాలసీలే.

మా అమ్మాయి అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ లైఫ్ అండ్ హెల్త్ లైసెన్స్ పరీక్ష రాస్తానంటోంది. ఇక్కడి ఐసీ-38 పుస్తకం పంపితే పనికొస్తుందా?
— ఒక తండ్రి, తిరుపతి

పంపకండి. మొదటి నాలుగైదు అధ్యాయాల్లోని సూత్రాలు ఒకటే గానీ, మిగతాదంతా తికమక పెడుతుంది. ఇక్కడ దేశమంతటికీ బీమా నియంత్రణ సంస్థ హైదరాబాద్‌లో ఉన్న ఐఆర్‌డీఏఐ ఒక్కటే. అక్కడ బీమా నియంత్రణ రాష్ట్రాలది, కాబట్టి ఏ రాష్ట్రంలో నివాసముంటే ఆ రాష్ట్రం పరీక్ష రాయాలి. టెక్సస్‌లో పియర్సన్ వ్యూ కేంద్రాల్లో రాస్తారు, 70 వస్తే పాస్, వేలిముద్రలు కూడా ఇవ్వాలి. పరీక్షకు ముందు ఇన్ని గంటలు క్లాసులు వినాలన్న నిబంధన టెక్సస్‌లో లేదు. ఫ్లోరిడాలో అదే లైసెన్సుకు 60 గంటలు వినాలి.

ప్రశ్నపత్రంలో ఒక భాగం అన్ని రాష్ట్రాలకూ ఒకేలా ఉండే బీమా సూత్రాలు, రెండో భాగం ఆ రాష్ట్రం చట్టం. మనవాళ్లు ఎక్కువగా తడబడేది రెండో భాగంలో, ఆ తర్వాత మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో. ఇక్కడ మూడేళ్లు అని చదువుకున్న పాలసీ ప్రశ్నించే గడువు అక్కడ సాధారణంగా రెండేళ్లు. ఆత్మహత్య మినహాయింపు ఇక్కడ 12 నెలలు, అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో రెండేళ్లు. ఇక్కడి అంకెలు బుర్రలో ఉంటే అక్కడ మార్కులు పోతాయి. టెక్సస్‌కే ప్రత్యేకించిన తాజా పుస్తకం కొనుక్కోమనండి. ఒక రాష్ట్రంలో లైసెన్స్ వచ్చాక వేరే రాష్ట్రాల్లో నాన్-రెసిడెంట్ లైసెన్సుకు సాధారణంగా మళ్లీ పరీక్ష ఉండదు. వీటన్నింటికంటే ముందు, ఆమె వీసా మీద పనిచేసే అనుమతి ఉందో లేదో తేల్చుకోవాలి.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష రోజున ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? తెలుగులో రాయొచ్చా?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

తెలుగులో రాయవచ్చు. శిక్షణ ఏ భాషలో విన్నారో ఆ భాషే ఎంచుకోండి. దరఖాస్తులో పెట్టిన భాషే తెర మీద వస్తుంది కాబట్టి హాల్ టికెట్‌లో ఏముందో ఇవాళే చూసుకోండి.

మన వైపు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో తండ్రి పేరు చేరి ఉంటుంది, పదో తరగతి మెమోలో ఒట్టి ఇనీషియల్ ఉంటుంది. హాల్ టికెట్ మీద పేరు, మీరు తీసుకెళ్లే గుర్తింపు కార్డు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే కేంద్రం గేటు దగ్గర వాదించి లాభం లేదు, ముందే మీ కంపెనీ శిక్షణ అధికారికి చెప్పి సరిచేయించుకోండి. జిరాక్స్ కాదు, ఒరిజినల్ కార్డే తీసుకెళ్లండి.

తెర మీద తెలిసినవి మొదట పెట్టేసి, లెక్కలు చివరికి వదలండి. ప్రశ్నకు 72 సెకన్లే వస్తాయి. మైనస్ మార్కులు లేవు కాబట్టి చివరి రెండు నిమిషాల్లో ఖాళీగా ఉన్నవాటికి కూడా ఏదో ఒక జవాబు పెట్టండి. కేంద్రం తిరుపతిలో పడి, పరీక్ష బ్రహ్మోత్సవాల రోజుల్లో వస్తే చంద్రగిరి నుంచైనా సరే గంటన్నర ముందే బస్సెక్కండి.