నోటి ద్వారా ఇస్తే లివర్ బాగానే ఉంది, మరి పేపర్లలో?

28 రోజులు చుంచెలుకలకి సిలికా నానోరేణువులు నోటి ద్వారా ఇచ్చినా ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరగలేదు, రీసెర్చ్ పేపర్లలో మాత్రం లివర్ పాడైనట్టు ఉంది, ఎక్కడ తప్పు చేశాను అని అడిగారు. టెన్షన్ పడకండి, ముందు ఆ పేపర్లలో డోసు ఏ దారిన ఇచ్చారో చూడండి. తోక సిరలోకి ఎక్కించి ఉంటే మీ ఫలితంతో పోల్చకూడదు. రక్తంలో పడ్డ రేణువుల్ని లివర్‌లోని కుప్ఫర్ కణాలు (బయటి రేణువుల్ని మింగేసే కణాలు), ప్లీహం పట్టేసుకుంటాయి. నోటి ద్వారా ఇచ్చినదాంట్లో చాలావరకు పెంటికల్లోనే పోతుంది.

సైజు సంగతి ఇంకా ముఖ్యం. 2009లో జపాన్‌వాళ్ళు సిరలోకి ఇచ్చి చూస్తే, 70 నానోమీటర్లవి కిలోకి 30 మిల్లీగ్రాములకే లివర్‌ని దెబ్బతీశాయి. 300, 1000 నానోమీటర్లవి 100 మిల్లీగ్రాములిచ్చినా ఏమీ చేయలేదు.

ఇప్పుడు మీ రేణువుల ద్రవం ఉన్న సీసా తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. అడుగున తెల్లటి మడ్డి ఉందా? సెలైన్‌లో కలిపితే రేణువులు ముద్దకట్టడం మామూలే (నేనూ ఒక బ్యాచ్ మొత్తం ఇలాగే పోగొట్టుకున్నాను). డీఎల్‌ఎస్ (ద్రవంలో రేణువుల సైజు కొలిచే పరీక్ష) నీళ్ళలో కాదు, మీరు ఎలుకకి ఇచ్చే ద్రవంలోనే చేయించండి. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరీక్ష కూడా చేయించండి, లేకపోతే రేపు ఇంజెక్షన్ గ్రూపులో వాపు కనిపిస్తే అది సిలికా వల్లో, బ్యాక్టీరియా మలినం వల్లో తేలదు. కణజాలంలో సిలికాన్ కొలిచేటప్పుడు గాజు సామాను వాడొద్దు, ప్లాస్టిక్‌వే వాడండి. గాజు కూడా సిలికానే కదా!