తిరుమల హుండీ డబ్బు రాష్ట్ర ఖజానాకు వెళ్తుందా?

వెళ్లదు. హుండీలో పడిన సొమ్ము తిరుమల తిరుపతి దేవస్థానం ఖాతాలోనే జమవుతుంది. పరకామణిలో నోట్లు, నాణేలు, విదేశీ కరెన్సీ వేరుచేసి లెక్కించాక బ్యాంకుకు చేరుస్తారు.

కారణం, దేవుడి పేర వచ్చిన ఆస్తి ధర్మాదాయం. దాన్ని దేనికి ఖర్చు పెట్టవచ్చో 1987 నాటి దేవాదాయ చట్టం చెబుతుంది: నిత్య కైంకర్యాలు, భక్తుల వసతి, అన్నప్రసాదం, విద్యాసంస్థలు, ఆసుపత్రులు వగైరా. అదే చట్టం కింద టీటీడీ ఏటా దేవాదాయ శాఖ నిధులకు కొంత కట్టాలి. ఖజానా ఆదాయం వేరు, ఇది వేరు. టీటీడీ 2025-26 బడ్జెట్ రూ.5,258.68 కోట్లు, అందులో హుండీ అంచనా రూ.1,729 కోట్లు.

2023 అక్టోబరులో ఏటా బడ్జెట్‌లో 1 శాతం తిరుపతి నగరాభివృద్ధికి ఇవ్వాలని పాలకమండలి తీర్మానించింది. పెద్ద దుమారం రేగింది, ప్రభుత్వం ఆమోదించలేదు. యాత్రికుల రద్దీతో పడే పారిశుద్ధ్య భారం నిజమే. అయినా వీధులు ఊడ్వడం నగరపాలక సంస్థ పని, దానికి పన్నులున్నాయి.

చాలామంది పొరబడేది ఒకచోట. పాలకమండలిని, ఈవోను నియమించేది ప్రభుత్వమే కాబట్టి డబ్బూ ప్రభుత్వానిదే అనుకుంటారు. నియమించే అధికారం వేరు, సొమ్ముపై హక్కు వేరు. అసలు అడగాల్సింది, నియామకం చేతిలో ఉన్నవారు తీర్మానాలను తమకు కావలసినట్టు మలుచుకుంటున్నారా అని. బడ్జెట్ పత్రాల్లో ఖర్చుల పద్దులు చూసి అడిగితే ఆ ప్రశ్నకు బలముంటుంది.