మందు మానడానికి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కు వెళ్లాలనుంది, తెలిసినవాళ్లు చూస్తే?

ఉప్పల్‌లో ఉంటానని, సాయంత్రం క్వార్టర్ పడనిదే ఇంటికి వెళ్లలేకపోతున్నానని, మందు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఏఏ మీటింగ్ ఎలా వెతుక్కోవాలో తెలియడం లేదని, అక్కడ తెలిసినవాళ్లు చూస్తారేమోనని భయమని రాశారు. చివరిది ముందు చెప్తా. నన్ను చూశారు. రెండో మీటింగ్‌లోనే మా కాలనీ ఆయన ఎదురు కుర్చీలో కనపడ్డాడు. ఆయనేం చేస్తాడో రాయను, అక్కడి సంగతి అక్కడే ఉండాలి. ఇద్దరం కాసేపు నేల చూపులు చూశాం. తర్వాత టీ దగ్గర ఆయనే వచ్చి, "వైన్స్ ముందు మీ బండి చూసినప్పుడల్లా ఈయన ఎప్పుడొస్తాడా అనుకునేవాణ్ణి" అన్నాడు. నడిరోడ్డు మీద వైన్స్ ముందు నిలబడ్డప్పుడు రాని సిగ్గు ఈ గదిలోకి వచ్చేటప్పుడు ఎందుకొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మీటింగ్ కంటే ముందు ఒక మాట. పొద్దున లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కొంచెం పడితే గానీ కుదుటపడకపోవడం ఉంటే ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టర్‌ను కలవండి. పంతం పట్టి నా అంతట నేనే ఆపేస్తే రెండో రోజు రాత్రి నాకు ఫిట్స్ వచ్చాయి. కొందరికి రెండు మూడు రోజుల తర్వాత మనుషులను గుర్తుపట్టలేనంత అయోమయం వస్తుంది, అది ప్రాణాల మీదకు తెస్తుంది. ఏఏలో మందులూ ట్రీట్‌మెంటూ ఉండవు. ఎర్రగడ్డ పేరు చెబితే జనం నవ్వుతారు గానీ, అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వైద్యం ఉంది. ఎవరితోనైనా ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 14446 కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. రాత్రిపూట టెన్షన్ ఎక్కువైతే 14416, టెలి మానస్, 24 గంటలూ ఉంటుంది.

ఇక వెతకడం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో హైదరాబాద్, సికింద్రాబాద్ గ్రూపుల వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్ దొరుకుతాయి. లిస్టు చూసి నేరుగా వెళ్లిపోకండి, చోటూ టైమూ మారుతుంటాయి. నేనట్లాగే వెళ్లి తాళం వేసిన గేటు చూసి తిరిగొచ్చాను, ఆ సాయంత్రం ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఫోన్ చేయండి. ఎత్తేది కూడా ఒకప్పుడు తాగినవాళ్లే. తెలుగు మీటింగా, ఇంగ్లీషా, హిందీయా అడగండి. ఓపెన్ మీటింగ్ అయితే ఇంట్లోవాళ్లను తీసుకెళ్లొచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మీకు ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వైపు మెట్రో నేరుగా ఉంది, బండి ఇంట్లో పెట్టి వెళ్లండి. బండికి వైన్స్ దారి అలవాటైపోయి ఉంటుంది.

నేను వెళ్లిన మొదటి మీటింగ్ చర్చి ఆవరణలోని గదిలో. మా అమ్మకు తెలిసి మతం మారుస్తున్నారేమోనని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది ఏ మతానికీ చెందింది కాదు. 1935లో అమెరికాలో ఒక షేర్ బ్రోకరూ ఒక డాక్టరూ, ఇద్దరూ తాగుబోతులే, ఒకరికొకరు చెప్పుకుంటూ మొదలుపెట్టారు. దేవుడి మాట వస్తుంది, ఎవరి దేవుడు వాళ్లకే. లోపల సుమారు గంట, గంటన్నర. ఒక్కొక్కరు పేరు చెప్పి తమ కథ చెప్తారు, మధ్యలో ఎవరూ అడ్డురారు. మాట్లాడకపోయినా ఏమీ అనరు, నేను నాలుగు మీటింగ్‌లు నోరు విప్పలేదు. ఫీజు లేదు. డబ్బుల సంచి తిప్పుతారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు.

నాకిది ఎందుకు పనిచేసిందో చెప్తా. మూడేళ్లు వరుసగా అయ్యప్ప మాల వేశాను, అప్పటికింకా పొద్దున తాగే స్థితికి రాలేదు. 41 రోజులు చుక్క ముట్టలేదు, మాల తీసిన మర్నాడే మళ్లీ మొదలు. దేవుడి భయం ఉన్నన్నాళ్లే వీడు మనిషి అనేవాళ్లు ఇంట్లో. నేనూ అదే నమ్మాను. మీటింగ్‌లకు అలవాటు పడ్డాక ఆలోచిస్తే, ఆ రోజుల్లో చీకటి పడితే ఎవరింట్లోనో పడిపూజ, భజన, పక్కన పదిమంది స్వాములు. తాగే వేళకు ఒంటరిగా లేను. మాల తీశాక ఆ వేళంతా ఖాళీ. మీటింగ్ సరిగ్గా ఆ టైమ్‌కే పడింది. తిరిగొచ్చేటప్పుడు వైన్స్ దాటేదాకా ఫోన్‌లో మాట్లాడటానికి ఒక మనిషి దొరికాడు. అలాంటి పాతాయన్ని స్పాన్సర్ అంటారు.

మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. నాకు మూడోది కుదిరింది. మొదటి దాంట్లో అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఇంటర్వ్యూకు వచ్చినట్టు చెమటలు పట్టాయి. తర్వాత ఒకసారి జారాను కూడా, మా బావమరిది కొడుకు దావత్‌లో. మర్నాడు వెళ్లి చెప్తే ఎవరూ క్లాసు పీకలేదు, టీ ఇచ్చారు.

మీ ఇంటావిడకు వేరేగా అల్-అనాన్ అని ఉంటుంది, తాగేవాళ్ల ఇళ్లవాళ్ల కోసం. మీరు మానినా మానకపోయినా ఆమె వెళ్లొచ్చు.

మొదటి రోజు పావుగంట ముందే వెళ్లండి. కుర్చీలు వేస్తుంటారు, రెండు అందుకోండి. చేతులకు పనుంటే గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగి రాబుద్ధి కాదు.